నిందల నడుమ ఆగని కలము: కవి గుఱ్ఱం జాషువా జీవితము

ధ్యాన భాగము: యిర్మీయా 36వ అధ్యాయము



ఈ నెల మన ధ్యానమునకు ఒక చలికాలపు దినమును జ్ఞాపకము చేసికొందము. యూదా రాజైన యెహోయాకీము తన నగరులో కుంపటి యెదుట కూర్చుండియున్నాడు. యిర్మీయా ప్రవక్త చెప్పుచుండగా బారూకు వ్రాసిన గ్రంథమును యెహూది అనువాడు రాజు వినునట్లు చదువుచున్నాడు. మూడు నాలుగు పుటల మేర చదివినప్పుడెల్ల రాజు చాకు తీసికొని ఆ భాగమును కోసి నిప్పులలో వేయుచున్నాడు. వలదని బ్రతిమాలిన వారి మాట వినలేదు. కొంతసేపటికి గ్రంథమంతయు బూడిదయ్యెను. నెలల తరబడి పడిన శ్రమ కుంపటి పాలయ్యెను.

అంతట ప్రవక్త ఏమి చేసెను? తన మాటలు రాజునకు నచ్చలేదు గనుక ఇక చాలునని ఊరకుండెనా? లేదు. మరియొక చుట్టను తెప్పించెను. బారూకును మరల కూర్చుండబెట్టెను. కాలిపోయిన మాటలన్నిటిని తిరిగి చెప్పెను. అంతటితోనైనను ఆగక, మొదటి గ్రంథములో లేని మాటలు అనేకములు చేర్చెను. రాజు తగులబెట్టినందువలన గ్రంథము చిన్నది కాలేదు, పెద్దదయ్యెను.

వ్రాయువారు ఎందుకు వ్రాయుదురు? నలుగురిలో నగుబాటగుదుమని తెలిసియు, తమ హృదయములోని మాటను నలుగురి యెదుట ఏల పెట్టుదురు? మాట దాచుకొని ఇంట కూర్చున్నవానిని ఎవరును నిందింపరు గదా! ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. మన తెలుగునాట పుట్టి, పాదిరి ఇంట పెరిగి, రెండు వైపుల నుండియు రాళ్లు తగిలినను కలము దింపని ఒక కవి జీవితమును చూతము. ఆయన పేరు గుఱ్ఱం జాషువా. ఆయనను ప్రవక్తలతో సమానము చేయుట మా ఉద్దేశము కాదు. కాని గ్రంథము కాలిన తరువాత కూర్చుండి మరల వ్రాయువాని మనస్సు ఎట్టిదో ఆయన జీవితమునుండి మనము నేర్చుకొనవచ్చును.

జాషువా 1895వ సంవత్సరము సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించెను. అప్పుడది గుంటూరు సీమ, ఇప్పుడు పల్నాడు జిల్లాలోనిది. తండ్రి వీరయ్యగారు, తల్లి లింగమాంబ. తండ్రి యాదవ కులమునుండి వచ్చి సువార్త పనిలో ప్రవేశించినవారు. తల్లి లోకము అంటరానిదని ఎంచిన కులమున పుట్టినది. ఇద్దరును క్రీస్తు నామమున ఒక ఇంటివారైరి. పుట్టిన కుమారునికి, మన తెలుగు బైబిలులో యెహోషువ అని చదువు పేరునే పెట్టిరి. అయితే బాప్తిస్మము ఇచ్చిన పేరును ఊరు మన్నింపలేదు. బడిలోను, బాటలోను, బావి యొద్దను ఆ పిల్లవానిని జాషువా అని గాక కులము పేర చూచినవారే అధికులు. తల్లి కులము వేరు, తండ్రి కులము వేరు అగుటచేత ఎగతాళి రెండింతలాయెను.

పిల్లవాడు బొమ్మలు గీయును, పాటలు పాడును. పద్యము వినిన వెంటనే చెవిలో నిలుపుకొనును. ఆ ఊరిలో దీపాల పిచ్చయ్యశాస్త్రి అను బ్రాహ్మణ బాలుడు అతనికి స్నేహితుడాయెను. ఇతడును తరువాతి కాలమున కవిగా పేరొందెను. ఈ స్నేహము వలననే జాషువాకు కవిత్వముపై మక్కువ కలిగెను. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు అతనికి సంస్కృత కావ్యములు చెప్పిరి. కాళిదాసుని మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము అతడు ఆయన యొద్దనే చదివెను. ఆ కాలమున ఆ కులమువానికి సంస్కృతము చెప్పుట మాటలతో పోవు పని కాదు. చెప్పినవారికిని నిందయే, నేర్చుకొన్నవానికిని నిందయే. దీనిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. జాషువాను అవమానించినవారిని గూర్చి చెప్పునప్పుడు, అతనికి తలుపు తెరచినవారిని మరచుట న్యాయము కాదు.

వినుకొండలో ఒక అవధాన సభ జరిగెను. జాషువా తాను వ్రాసిన పద్యములు ఆ సభలో చదివెను. పద్యములో తప్పున్నదని ఎవరును అనలేదు. వీనిని సభలోనికి ఎవరు రానిచ్చిరని కొందరు కోపపడిరి. కావ్యమును గూర్చిన ప్రశ్న కాదది, కాలు పెట్టుటను గూర్చిన ప్రశ్న. ఇట్టి అనుభవములు ఆయనకు జీవితమంతయు ఎదురగుచునే యుండెను. పద్యము విని మెచ్చుకొనినవారే తరువాత కులమడిగి, జవాబు విని, చటుక్కున లేచి వెళ్లిపోవుదురని ఆయన తన పద్యములలోనే చెప్పుకొనెను. ఆ నొప్పిని దాచుకొనలేదు, పద్యముగా మలచెను.

ఇచ్చట మనము ఒక భేదమును గ్రహింపవలెను. విమర్శ వేరు, నింద వేరు. ఈ పాదములో గణము చెడినది, ఈ మాట ఇచ్చట అతకలేదు అని చెప్పువాడు కవికి ఉపకారి. అతని మాట చేదైనను మందు వంటిది. నీవు ఎవడవు, ఈ పని నీకెందుకు అని అడుగువాడు పద్యమును చదువనేలేదు. జాషువా మొదటి రకపు మాటలను చెవిని పెట్టెను. ఛందస్సును, వ్యాకరణమును శ్రద్ధగా అభ్యసించి, ఉభయ భాషా ప్రవీణ పరీక్షయందు కృతార్థుడాయెను. రెండవ రకపు మాటలకు ఆయన ఇచ్చిన జవాబు మరియొక కావ్యము.

బ్రతుకుతెరువు మాత్రము సులభముగా దొరకలేదు. మొదట నెలకు 3 రూపాయల జీతముపై మైళ్ల కొలది నడిచి వెళ్లి బడిపంతులుగా పని చేసెను. ఆ పనియు పోయెను. 1915, 1916 సంవత్సరములలో రాజమహేంద్రవరము చేరి మూగ సినిమాలకు వాచకుడాయెను. ఆ దినములలో తెరమీది బొమ్మలకు మాట లేదు. బొమ్మ కదలుచుండగా ప్రక్కన నిలిచి కథను, సంభాషణలను బిగ్గరగా చదివి వినిపించు మనిషి కావలెను. మాటలేని బొమ్మలకు మాట యిచ్చుట ఆయన పని. తరువాతి కాలమున, మాట్లాడుటకు అధికారము లేని మనుష్యులకు తన పద్యముచేత మాట యిచ్చినవాడు, యౌవనమున ఇట్టి ఉద్యోగము చేయుట తలంచినప్పుడు మాకు ఆశ్చర్యము కలుగుచున్నది.

పిమ్మట ఆయన గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున సుమారు 10 సంవత్సరములు పని చేసెను. 1928 నుండి 1942 వరకు తెలుగు పండితుడుగా ఉద్యోగము చేసెను. ఈ కాలమంతయు కావ్యములు వెలువడుచునే యున్నవి. పురాణ కథలు వ్రాసెను, చరిత్ర కథలు వ్రాసెను, ఖండకావ్యములు వ్రాసెను.

ఇచ్చటనే మనకు బాధ కలిగించు సంగతి కలదు. ఆయనను త్రోసివేసినవారు ఒక్క వైపువారే కారు. హిందూ సభలలో కొందరు ఆయనను అంటరానివాడనిరి. క్రైస్తవులలో కొందరు పెద్దలు, క్రైస్తవుడై యుండి రుక్మిణి కల్యాణమును, కుశలవుల కథను, ధ్రువుని కథను వ్రాయుట ఏమని ఆయనను నిరసించిరి. కడకు సంఘమునుండి వెలివేసిరి. ఆ వాకిట కులము అడ్డు వచ్చెను, ఈ వాకిట కథ అడ్డు వచ్చెను. ఒక మనిషికి ఈ లోకములో నిలుచుటకు రెండు ఇండ్లు ఉండి, రెండు ఇండ్ల తలుపులును మూయబడిన యెడల అతడు ఎచ్చట నిలుచును? జాషువా తన పద్యములో నిలిచెను. కాలక్రమమున ఆయన మతములకు దూరమై, మానవుడే ముఖ్యమను తలంపునకు వచ్చెను. దీనిని కప్పిపుచ్చుట మంచిది కాదు. సంఘము ఒక మాట విసరినప్పుడు అది ఎంత దూరము పోవునో ఆలోచించుటకే దీనిని చెప్పుచున్నాము.

1932లో ఆయన ఫిరదౌసి కావ్యమును ప్రకటించెను. పారసీక మహాకవియైన ఫిరదౌసికి గజనీ మహమ్మదు పద్యమునకొక బంగారు నాణెము ఇత్తునని మాట యిచ్చి, సంవత్సరముల తరబడి వ్రాయించుకొని, కడకు వెండి నాణెములు పంపెనని కథ. కవి ఆ వెండిని తిరస్కరించెను. చాల కాలమునకు సుల్తాను పశ్చాత్తాపపడి బంగారము పంపగా, అది వచ్చుసరికి ఊరివారు కవి శవమును మోసికొని పోవుచుండిరి. ఈ కథను జాషువా ఏల ఎన్నుకొనెనో వేరుగ చెప్పనక్కరలేదు. తాను పడిన అవమానమును వేయి సంవత్సరముల క్రిందటి కవి యొక్క అవమానములో చూచుకొనెను. సుల్తాను సొమ్ము ఆలస్యమైనను, రాజు మాట తప్పినను, షానామా మాత్రము నేటికిని చదువబడుచున్నది. రాజు చేతిలో ఉన్నది బహుమానము మాత్రమే, కావ్యము కాదు.

1941లో గబ్బిలము వెలువడెను. బాలుడుగా హనుమచ్ఛాస్త్రిగారి యొద్ద చదివిన మేఘసందేశము ఆయన మనస్సులో నాటుకొని యుండెను. కాళిదాసు కావ్యములో యక్షుడు తన భార్యకు మేఘముచేత కబురు పంపును. జాషువా కావ్యములో కబురు పంపువాడు యక్షుడు కాడు, దక్షిణ దేశమున గుడిసెలో నివసించు ఒక అంటరాని పేదవాడు. పగలెల్ల కష్టించి రాత్రి పిడికెడు మెతుకులతో తృప్తిపడువాడు. కబురు భార్యకు కాదు, కాశీలోని శివునికి. దూతయు మేఘము కాదు, రాత్రివేళ ఆ గుడిసెలోనికి ఎగిరి వచ్చిన గబ్బిలము. హంసను ఏల పంపలేదు? చిలుకను ఏల పంపలేదు? గబ్బిలమును లోకము అపశకునమని అసహ్యించుకొనును. అయినను అది గుడిలోనికి పోవచ్చును, గర్భాలయపు కప్పున తలక్రిందులుగ వ్రేలాడి దేవుని చెవికి దగ్గరగ మాటలాడవచ్చును. పూజారి దానిని ఆపడు. మనిషికి లేని ప్రవేశము గబ్బిలమునకు కలదు! ఈ ఒక్క సంగతిని కన్నులకు కట్టినట్లు చూపుటచేత, నూరు ఉపన్యాసములు చేయలేని పనిని ఆ కావ్యము చేసెను. అందులో కోపము లేదని చెప్పము. కోపము కలదు, దానిని ఆయన దాచలేదు.

కాలమును కూడ గమనింపుడు. మద్రాసు రాష్ట్రమున ఆలయ ప్రవేశ చట్టము 1947లో వచ్చెను. అంటరానితనమును రద్దు చేసిన మన రాజ్యాంగము 1950లో అమలులోనికి వచ్చెను. గబ్బిలము వాటికంటె ముందు ఎగిరినది. చట్టము తలుపు తీయుటకు ముందే కవి తలుపు తట్టెను. తట్టువానిని చూచి లోపలివారు విసుగుకొనుట సహజము. విసుగుకొనిరని తట్టుట మానిన యెడల తలుపు ఎన్నటికిని తెరువబడదు.

ఆయన పద్యములకు మరియొక దారి కూడ దొరకెను. శ్మశానవాటికను గూర్చి ఆయన వ్రాసిన పద్యములు ఊరూర ఆడు హరిశ్చంద్ర నాటకములోనికి పోయెను. కాటి సీనులో హరిశ్చంద్ర వేషధారి హార్మోనియముపై రాగము తీసి ఆ పద్యములు పాడుచుండగా, జనులు తెల్లవారుదాక కూర్చుండి వినిరి, మరల మరల పాడించుకొనిరి. రాజును కూలివానిని ఒక్క మట్టిలో కలుపు చోటును గూర్చిన ఆ మాటలు ఎవరివో ఎరుగనివారు సహితము వాటిని కంఠస్థము చేసిరి. కవి పోలేని ఇండ్లలోనికి కవి పద్యము పోయెను. దానిని కులమడిగినవారు లేరు.

గౌరవించినవారు లేకపోలేదు. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, తెలుగు కవులకందరికిని గురుతుల్యులు, విజయవాడలో జాషువా కాలికి స్వయముగ గండపెండేరము తొడిగిరి. వృద్ధ బ్రాహ్మణ పండితుడొకడు వంగి ఆ కవి పాదమును తాకుట ఆ కాలమున చిన్న సంగతి కాదు. ఎవరు సభలోనికి రానిచ్చిరని ఒకప్పుడు కోపపడిన లోకమునకు ఇది జవాబు. జాషువా ఆ జవాబు కొరకు ఎదురుచూచుచు కూర్చుండలేదు. వ్రాయుచు పోయెను, జవాబు తానే వచ్చెను.

ముంతాజు మహలు, 1948లో గాంధీ మహాత్ముని మరణానంతరము బాపూజీ వెలువడెను. 1957 నుండి 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రములో కార్యక్రమ నిర్మాతగా పని చేసెను. ఈ నడుమనే, 1958లో, క్రీస్తు చరిత్ర అను పద్యకావ్యము ప్రకటించెను. తనను వెలివేసిన సంఘము ఏ నామమును ఆరాధించునో ఆ నామమును గూర్చియే ఆయన కావ్యము చెప్పెను. ఎందుకు వ్రాసెనో ఆయన మనస్సు దేవునికే తెలియును. ఇన్ని దినములు త్రోసివేసి, ఇప్పుడు మావాడని చెప్పుకొనుటకు తొందరపడుట మనకు తగదు. కాని ఒక్క మాట చెప్పవచ్చును. మనుష్యులు పెట్టిన గాయమును బట్టి ఆయన క్రీస్తును కొలువలేదు. మన ప్రవర్తనను చూచి క్రీస్తును నిర్ణయించువారు మన చుట్టు అనేకులుండగా, ఈ సంగతి మనలను సిగ్గుపరచి, ఆదరించియు నుండవలెను.

ఆ క్రీస్తు చరిత్రకే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ఆ సంవత్సరమే ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యుడాయెను. 1970లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో గౌరవించెను. నా కథ అను పేరిట తన జీవితమును పద్యములలోనే చెప్పుకొనెను. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూసెను. ఆయన కుమార్తె హేమలత లవణంగారు 2008లో మరణించువరకు జోగినుల విముక్తి కొరకును, నేరస్థులని ముద్ర వేయబడినవారి బాగు కొరకును పాటుపడిరి. తండ్రి పద్యములో చెప్పినదానిని కుమార్తె పనిలో చూపెను.

ప్రియులారా, ఇప్పుడు మన ప్రశ్నకు తిరిగి వత్తము. నింద వచ్చునని తెలిసియు వ్రాయువారు ఎందుకు వ్రాయుదురు? ఈ జీవితమును చూడగా మాకు మూడు సంగతులు తోచుచున్నవి.

మొదటిది, మాట తనది మాత్రమే కాదు. జాషువా ఊరకుండిన యెడల ఆయన ఒక్కడే మౌనియై యుండడు. గుడిసెలో పిడికెడు మెతుకులు తిని పండుకొను ఆ పేదవాడును మౌనియై యుండును. తనకొరకు మాత్రమే మాటలాడువాడు మొదటి రాయి తగులగానే ఆగును. ఇతరుల కబురు మోయువానికి ఆగుటకు హక్కు లేదు. యిర్మీయాయును ఒకప్పుడు ఇక మాటలాడనని నిశ్చయించుకొని, ఎముకలలో మంటవలె ఉన్న ఆ మాటను ఓర్చుకొనలేక మరల నోరు తెరచెను.

రెండవది, వినువాడొకడు ఎచ్చటనో కలడు. సభలో నూరుమంది ముఖము త్రిప్పుకొనినను, పిచ్చయ్యశాస్త్రి వంటి స్నేహితుడొకడు, హనుమచ్ఛాస్త్రి వంటి గురువొకడు వినుచుండును. వ్రాయువాడు నూరుమందిని చూచి భయపడక, ఆ ఒక్కనిని తలంచుకొని వ్రాయును. యెహోయాకీము కాల్చినను బారూకు వ్రాసెను గదా! విన్న ఆ ఒక్కనివలన నేటివరకు మనమును చదువుచున్నాము.

మూడవది, తలాంతు పాతిపెట్టుటకు ఇయ్యబడలేదు. ఉపమానములోని మూడవ దాసుడు దొంగ కాడు, దుబారా చేసినవాడు కాడు. భయపడినవాడు మాత్రమే. తలాంతు పోవునేమో, యజమానుడు కఠినుడేమో అని భయపడి మంటిలో దాచెను. దాచినది చెడలేదు గాని పెరుగనును లేదు. నిందకు జడిసి తన మాటను మనస్సులోనే పూడ్చుకొనువాడును అట్టివాడే.

అయితే ఈ కథ వ్రాయువారికి మాత్రమే కాదు, వినువారికిని గురుతు. మన సంఘములలో పాటలు కట్టు యౌవనులు కలరు. నాటికలు వ్రాయు బిడ్డలు కలరు. సండే స్కూలు పత్రికకు నాలుగు పంక్తులు వ్రాసి, పెద్దలేమందురో యని దానిని నలిపి పారవేయు పిల్లలును కలరు. వారి వ్రాతలో తప్పులుండిన ప్రేమతో చూపుడు. రాగము చెడిన చోట రాగము చెప్పుడు, వాక్యము తప్పిన చోట వాక్యము చూపుడు. అది వారికి మేలు చేయును. కాని వీడెవడు, వీని తండ్రి ఎవడు, వీనికి ఇదెందుకు అను మాట మన నోట రానియ్యకుడి. నజరేతు వడ్లవాని కుమారుడని తమ మధ్యనే ఒకరిని తృణీకరించిన ఊరివారి సంగతి సువార్తలో చదువుచునే, ఆ మాటలను మన వాకిట మరల పలుకుట ఎంత విచారకరము!

చాకు పట్టుకొని కుంపటి యెదుట కూర్చుండుట సులభము. చుట్ట పట్టుకొని సిరాలో కలము ముంచుట కష్టము. మనము ఏ ఆసనమున కూర్చున్నామో ప్రతివాడును తన్ను తాను పరీక్షించుకొనునుగాక. ప్రభువు మన నాలుకలను కాచి, వ్రాయు చేతులను బలపరచునుగాక. ఆమేన్.